హెడ్లీ చాకు మీది కుందేలు

సెప్టెంబర్ 6, గురువారం

పబ్బు వెనక గదిలో బల్బు మార్చారు. పాతదే నయం. ఈ కొత్తదాని వెలుతురు పాలెక్కువైన టీలా ఉంది. దాని కింద కూర్చోబెట్టి చాకు మీద కంపెనీ ముద్ర చదవమంటే ఎవరి తరం? అయినా చదివాను. క్లెమ్ తెచ్చిన చిన్న చాకు తిప్పి చూసి "హార్లో కంపెనీది" అన్నాను. కాదట, హాల్డెన్ అట. క్లెమ్ లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు గానీ తప్పులు దిద్దడం మాత్రం మానలేదు. వాడి భూతద్దం నిండా వేలిముద్రలే. అది తుడిచిస్తే నేనూ హాల్డెన్ అనే చెప్పేదాన్ని.

రాయ్‌స్టన్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చూడలేక బల్బు గుడ్డిదంటోందిరా మన బెరిల్!"

"ముప్పై ఏళ్ళు నువ్వు నడిపిన బస్సెక్కి ప్రాణాలతో దిగినదాన్ని. నాకు కళ్ళు లేవంటావా?" అన్నాను.

హెడ్లీకి బీరు పొలమారింది. నవ్వొస్తే వాడికి ముందు చెవులు ఎర్రబడతాయి, ఆ తర్వాతే నోరు తెరుస్తాడు.

ఇరవై రెండేళ్ళుగా గురువారం మధ్యాహ్నం మా నలుగురిదీ ఇదే వరస. ఎవరో ఒకరు పాత చాకు తేవడం, నేను ముద్ర చదివి అది కత్తులకి పేరుపడ్డ మా షెఫీల్డ్‌లో ఏ వీధిలో పుట్టిందో చెప్పడం, మిగతా ముగ్గురూ నన్ను ఏడిపించడం. ముద్ర చదవడం నా పని. ఇంకెవరికీ రాదని కాదు, నా అంత బాగా రాదు.

ఈ డైరీ చవక దుకాణంలో కొన్నాను. గీతలు నడిమధ్యన వంకరగా అచ్చేశారు. మన దేశంలో అచ్చుపని కూడా పాడైపోయింది.

సెప్టెంబర్ 8

ఎదురింటివాళ్ళ కిటికీ చట్రం వంగింది. వానకి నానినట్టుంది. చెప్పాలి వాళ్ళకి.

సెప్టెంబర్ 13, గురువారం

హెడ్లీ ఇవాళ ఆ చాకు నా చేతిలో పెట్టాడు. ఆ చాకే! నేను ఇంటికి తెచ్చుకుని టేబుల్ మీద పెట్టుకుని చూస్తూ ఇది రాస్తున్నాను.

హెడ్లీ పళ్ళసెట్టైనా అరువిస్తాడు గానీ ఆ చాకు ఎవరి చేతికీ ఇవ్వడు. రెన్‌షా వాళ్ళు చేసింది, వందేళ్ళ పైమాటే. దుప్పికొమ్ము పిడి, అందులోకి మడుచుకునే గొర్రెగిట్ట ఆకారపు అలుగు. ఆ అలుగు మీద యాసిడ్‌తో వేసిన సన్నని రాత, రెన్‌షా పేరు, దాని పక్కన పరిగెత్తే కుందేలు. ముద్ర అయితే ఉక్కులోకి దిగుతుంది. ఈ రాత అలా కాదు, మంచు మీద వేలితో గీసినట్టు పైపైనే ఉంటుంది. వాడిన చాకుల మీద ఎన్నడో చెరిగిపోయింది. ఇది ఒక్కనాడూ వాడనిది కాబట్టి మిగిలింది. మాకు తెలిసి ఆ కుందేలు ఇంకెక్కడా లేదు. ముప్పైయొక్క ఏళ్ళుగా హెడ్లీ దాంతో ఒక దారప్పోగైనా తెంపలేదు. మైనం కాగితంలో చుట్టి, దాన్ని సాక్సులో పెట్టి, ఆ సాక్సుని డబ్బాలో పెట్టి దాచాడు.

వచ్చేనెల ప్రదర్శనకి పెడతాడట. కీలు బిగిసింది, ఒక్క చుక్క నూనె వెయ్యమన్నాడు.

"నువ్వే వేసుకోవచ్చుగా?" అన్నాను.

"నా చేతులు వణుకుతాయి. నీవి వణకవు."

"దాని చేతులు ఎందుకు వణుకుతాయి? నోరు ఆడినప్పుడల్లా చేతులకి విశ్రాంతి దొరుకుతుంది" అన్నాడు రాయ్‌స్టన్.

హెడ్లీ మాత్రం నవ్వలేదు. పసిబిడ్డని మొదటిసారి ఆయా చేతికిచ్చే తండ్రిలా మొహం పెట్టాడు. "జాగ్రత్త" అని మూడుసార్లు అన్నాడు. నాకు! ఉక్కుతోనే పెరిగినదానికి!

సెప్టెంబర్ 15

నూనె వేశాను. సూదిమొన మీద ఒకే చుక్క. తెరిచి మూశాను. ఆ మూసుకునే చప్పుడు! దీనిది గట్టిగా 'టక్' కాదు, పెద్దమనిషి తలుపేసుకున్నట్టు బరువైన 'ఠప్'. ఏ రెండు చాకులూ ఒకేలా మూసుకోవు.

అలుగు మీద బూడిదరంగు మరకొకటి ఉంది. హెడ్లీ వేలు తగిలి ఉంటుంది, చెమట పడితే ఉక్కు అలాగే మచ్చ పడుతుంది. వదిలేస్తే తుప్పు మొదలవుతుంది. పాత చాకులకి మెరుగు పెట్టకూడదని ఇరవై రెండేళ్ళుగా అందరికీ చెప్పేదాన్ని నేనే. కానీ వయసుతో వచ్చిన నలుపు వేరు, మరక వేరు. ఆ తేడా నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పదిహేనో ఏట ఒంటికి బ్రౌన్ పేపరు చుట్టుకుని, తలకి ఎర్రగుడ్డ కట్టుకుని, తిరిగే చక్రం ముందు నిలబడ్డాను. పదకొండేళ్ళు ఈ ఊరి చెంచాలకి, కత్తులకి మెరుగు పెట్టాను. సాయంత్రానికి మొహాలు మసిబొగ్గుల్లా ఉండేవి, చెంచాలు మాత్రం అద్దాల్లా ఉండేవి.

గుడ్డకి కాస్త మెరుగుముద్ద రాసి, బొటనవేలితో మెల్లగా రుద్దాను. పోయింది మరక. చెయ్యి ఇంకా పని మర్చిపోలేదు.

కుందేలు కనిపించలేదేమిటి అనుకున్నాను. సాయంకాలం వెలుతురుకి అది ఎప్పుడూ సరిగ్గా కనిపించదు.

సెప్టెంబర్ 20, గురువారం

చాకు తిరిగి ఇచ్చాను. హెడ్లీ మైనం కాగితం విప్పి చాలాసేపు చూశాడు. బల్బు వైపు తిప్పాడు, కిటికీ వైపు తిప్పాడు. మూశాడు.

"బాగుంది బెరిల్. మెరుస్తోంది" అన్నాడు.

క్లెమ్ లేచి అందరికీ బీరు తెచ్చాడు. ఇవాళ వాడి వంతు కాదు. రాయ్‌స్టన్ చాకు అడిగి తీసుకుని చూసి "ఊఁ" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో రాయ్‌స్టన్ నోట ఒక్క అక్షరంతో సరిపెట్టుకున్న మాట ఇదే.

అసూయ. నా పనితనం చూసి నోట మాట రాలేదు.

సెప్టెంబర్ 21

హెడ్లీకి నచ్చింది. మెరుస్తోంది అన్నాడు కదా.

సెప్టెంబర్ 27, గురువారం

వీళ్ళకి ఏమైంది?

వెళ్ళేసరికి నా కుర్చీ బల్బు కిందకి జరిపి ఉంది. క్లెమ్ చాకు చేతికిస్తూ "హాల్డెన్‌ది బెరిల్, 1890 ప్రాంతం" అన్నాడు. ముద్ర చదివేసి ఇచ్చాక ఇంక నేను చూసేదేముంది, దాని జాతకమా? రెండోది నేను చూసి వేరే పేరు చెప్పాను. రాయ్‌స్టన్ "అయ్యుండొచ్చు" అన్నాడు. అయ్యుండొచ్చు! ఇన్నేళ్ళలో ఆకాశం నీలంగా ఉందన్నా నాతో ఒప్పుకోని మనిషి!

కోటు తొడిగారు. మెట్టు దగ్గర చెయ్యి పట్టుకున్నారు. "జాగ్రత్తగా వెళ్ళు తల్లీ" అన్నారు.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను, చచ్చిపోయానేమోనని. బాగానే ఉన్నాను. అద్దం మధ్యలో కాస్త మసకగా ఉంది, తుడిచాను. పోలేదు.

సెప్టెంబర్ 30

కొత్త విధవతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు నాతో. నాకసలు పెళ్ళే కాలేదు.

అక్టోబర్ 4, గురువారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పబ్బువాళ్ళు పోర్క్ పై, ఆ పందిమాంసం కూరిన గట్టి రొట్టె, తెచ్చి పెట్టారు. నేను కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తున్నాను, వాళ్ళకి వీపు తిప్పి. పై కోసిన చప్పుడు, ఆ తర్వాత చాకు మూసిన చప్పుడు వినబడ్డాయి.

'ఠప్'.

తిరిగి చూశాను. హెడ్లీ చేతిరుమాలుతో ఏదో తుడుచుకుని జేబులో వేసుకుంటున్నాడు.

"హెడ్లీ, దాంతో పై కోశావా?"

"చాకు కదా బెరిల్. కొయ్యడానికే కదా చేసేది."

"ముప్పైయొక్క ఏళ్ళు దారం తెంపనివాడివి, పై కోశావా!"

క్లెమ్ పళ్ళెంలో ముక్కలు లెక్కపెడుతున్నాడు. మేం నలుగురం, ముక్కలు నాలుగే.

మా లోకంలో వాడని చాకుతో పై కోయడమంటే, ఆ చాకు ఇంక దాచుకోదగ్గది కాదని చాటి చెప్పడమే. చెయ్యి చాపాను. హెడ్లీ ఇచ్చాడు. తెరిచి కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాను. చూస్తున్న చోటల్లా మసక, పక్కకి చూస్తే అంచుల్లో మెరుపు. కళ్ళు మూసుకుని వేలితో తడిమాను. నున్నగా ఉంది, అద్దంలా.

"కుందేలేది?" అన్నాను.

రాయ్‌స్టన్‌కి నోరాగలేదు. "పారిపోయింది తల్లీ. నిన్ను చూసి ఏది ఆగింది గనక..."

అంతలోనే ఆగిపోయాడు. "క్షమించు బెరిల్. అనకూడని మాటన్నాను" అన్నాడు.

రాయ్‌స్టన్ నన్ను క్షమాపణ అడిగాడు! మొదటి మాటకి నాకు బాధ కలగలేదు. రెండోదానికి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. తొడుక్కోకుండానే కోటు తీసుకుని వచ్చేశాను.

అక్టోబర్ 5

నేనే చెరిపాను. బొటనవేలితో రుద్ది, మెరుగుపెట్టి చెరిపాను. అది మరక కాదు, కుందేలు. నాకు కనిపించలేదు.

ఈ డైరీ గీతలు, ఎదురింటి కిటికీ, క్లెమ్ భూతద్దం, బల్బు. ఊరందరి మీదా నెట్టాను.

అక్టోబర్ 11, గురువారం

వెళ్ళలేదు. ముద్ర చదవలేనిదానికి ఆ టేబుల్ దగ్గర ఏం పని? కుర్చీ ఖాళీగా ఉంటే ఇంకో నాలుగు చాకులు పెట్టుకోవచ్చు.

అక్టోబర్ 13

హెడ్లీ వచ్చాడు. గుమ్మం గంట మూడుసార్లు కొట్టాడు. నేను సోఫా వెనక కూర్చున్నాను. డెబ్భైమూడేళ్ళ మనిషి సోఫా వెనక కూర్చుంటే లేవడం ఎంత కష్టమో కూర్చోకముందు ఆలోచించలేదు.

ఉత్తరాలు వేసే కన్నం తెరుచుకుంది.

"కర్టెన్ కదిలింది బెరిల్."

నేను ఇంకాస్త కిందకి నక్కాను.

"సరే, నువ్వు ఇంట్లో లేవు. లేనిదానికే చెప్తున్నా విను. కోపం వచ్చింది. చాలా వచ్చింది. రెండు వారాలు తిండి సరిగ్గా సయించలేదు. అంత కోపం ఉండి ఎందుకు చెప్పలేదంటావా? చెప్తే నువ్వు గురువారాలు రావడం మానేస్తావని. చెప్పలేదు, అయినా మానేశావు. కుందేలూ పోయె, నువ్వూ పోతే నాకేం మిగిలింది? క్లెమ్ ఉపన్యాసాలా?"

నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాను.

"కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. బుధవారం లోపు వెళ్ళకపోతే రాయ్‌స్టన్‌ని పంపిస్తా. నీ గుమ్మంలో నిలబడి పాడతాడు. చర్చివాళ్ళే వద్దన్న గొంతు అది, నీకు తెలుసుగా."

కన్నం మూతపడింది. కాసేపటికి మళ్ళీ తెరుచుకుంది.

"నడుం పట్టేస్తే గోడకి ఆనుకుని లేవాలి. సోఫా పట్టుకోకు, అది జారుతుంది."

అక్టోబర్ 17

వెళ్ళాను. ఆ డాక్టరమ్మకి నా మనవరాలి వయసుంటుంది, మనవరాలంటూ ఉంటే. గళ్ళగళ్ళ కాగితం చూపించి గీతలు ఎలా ఉన్నాయంది. వంకరగా ఉన్నాయి, ఎవరు అచ్చేశారు అన్నాను. తిన్నగానే ఉన్నాయట.

కుడికంట్లో చూపు నడిభాగం పోయింది, ఇక రాదు. ఎడమదాన్ని సూదిమందుతో నిలబెట్టొచ్చు. నెలకోసారి. కంట్లోకే సూది. ఇవాళే మొదటిది వేశారు. ఆరునెలల ముందు వచ్చి ఉంటే బావుండేదంది. ఆరునెలల ముందు నేను బల్బుల్ని తిడుతూ ఉండి ఉంటాను.

చిన్న అక్షరాలు చదవడం ఇక కష్టమే అంది. ముద్రలు? అనడిగాను. ముద్రలంటే ఏమిటంది. చెప్పాను. తల అడ్డంగా ఊపింది. ఆ ఊపడం మాత్రం బాగానే కనిపించింది.

గుడ్డికన్నా మెల్ల నయం. దారంతా అదే అనుకుంటూ బస్సులో వచ్చాను. భయంగా ఉంది. కుందేలుకన్నా, కంటికన్నా ఎక్కువగా ఆ ముగ్గురూ నాతో ఇక ఎప్పటికీ మర్యాదగానే ఉంటారేమోనని భయం.

అక్టోబర్ 18, గురువారం

వెళ్ళాను. నా దగ్గరున్నవాటిలో మంచిది, ముత్యపుచిప్ప పిడి చాకు, హెడ్లీ ముందు పెట్టాను.

"వద్దు బెరిల్, నీ దగ్గరే ఉండనీ" అన్నాడు మెత్తగా.

కన్ను గురించి చెప్పాను. క్లెమ్ భూతద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"తిట్టండిరా" అన్నాను. "వానలో రెండు బస్సులు మారి వచ్చాను, నాలుగు తిట్లు తినిపోదామని. నేను చేసింది తక్కువ పనా? ఇదే క్లెమ్ చేసి ఉంటే నేను వాణ్ణి చచ్చేదాకా వదిలేదాన్నా?"

"వదిలేదానివి కాదు" అన్నాడు క్లెమ్ చాలా నమ్మకంగా.

రాయ్‌స్టన్ నోరు తెరిచాడు. సూది పడిన నా కంటి ఎరుపు చూశాడు. మూసేశాడు.

"పోనీ పై తిను. వేడిగా ఉంది" అన్నాడు.

తిన్నాను. హాస్పిటల్ తిండిలా ఉంది.

అక్టోబర్ 25, గురువారం

వెళ్ళలేదు. ఇంట్లో నా చాకులన్నీ ఒక్కొక్కటే తెరిచి మూశాను. కళ్ళు మూసుకుని, చప్పుడుని బట్టే పదిహేడింటికి పేర్లు చెప్పాను. వినేవాళ్ళు లేకపోతే అది ఆట కాదు.

అక్టోబర్ 26

క్లెమ్ ఫోను. "రేపటి ప్రదర్శనకి నువ్వు రావాలి. నీ టేబుల్‌కి డబ్బు కట్టేశాం. నీ చాకులు నువ్వే తెచ్చుకో, మేం మొయ్యం."

మొయ్యం అన్నాడు. నిన్నటిదాకా కోటు మోసినవాళ్ళు. ఫోను పెట్టాక చాలాసేపు ఆ మాటే నెమరేసుకున్నాను. ఆశపడకూడదు.

అక్టోబర్ 27, శనివారం

వెళ్ళాను.

చర్చి హాలు నిండా జనం. మొహాలు సగం సగమే కనిపిస్తున్నాయి, నీళ్ళు పడిన బొమ్మల్లా. టేబుళ్ళ మీద వరసలుగా చాకులు, పక్కన చీటీలు. ఏ చీటీ మీద ఏముందో తెలియక గోడవారగా నడుస్తున్నాను. ఎక్కడో హెడ్లీ ఉంటాడు, మర్యాదగా కుర్చీ వేస్తాడు, నేను కూర్చోవాలి. వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను.

అప్పుడు కనిపించింది. హాలు అవతలి చివర, మా టేబుల్ మీద, తలుపంత అట్ట.

క్లెమ్ చీటీలు చీమలు నడిచినట్టుంటాయి. పెన్సిలు చెక్కి, స్కేలు పెట్టి రాస్తాడు. అంతకన్నా పెద్దగా రాయడం బజారుతనమంటాడు. ఆ క్లెమ్మే గోడలకి వేసే కుంచె పుచ్చుకుని, నల్లరంగుతో, ఒక్కో అక్షరం జానెడు చొప్పున రాశాడు. ముప్పై అడుగుల నుంచి, ఈ కంటితో, ఒక్క అక్షరం పోకుండా చదివాను.

'రెన్‌షా చాకు. దీని మీద ఒక కుందేలు ఉండేది. బెరిల్ స్టానిఫోర్త్ తినేసింది.'

నిలబడిపోయాను. హాల్లో అందరూ చదువుతున్నారు. ఎవరో పెద్దగా నవ్వారు.

హెడ్లీ అట్ట పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెవులు కనిపించలేదు గానీ, ఎర్రగా ఉండి ఉంటాయి.

"పొద్దున్నుంచి నలభైమంది అడిగారు, ఎవరా బెరిల్ అని. అదిగో వస్తోంది, మీ చాకులు దాచుకోండని చెప్తున్నా" అన్నాడు.

"ఇంత పెద్దగా రాయాలా? సిగ్గు లేదూ మీకు?"

"చిన్నగా రాస్తే నువ్వు చదవలేవు కదే గుడ్డిముసలిదానా!" అన్నాడు రాయ్‌స్టన్. హాలంతా వినబడేలా అన్నాడు.

అక్కడే ఏడ్చాను. నవ్వాను కూడా, ఏది ముందో తెలియలేదు. హెడ్లీ చేతిరుమాలు ఇచ్చాడు, పోర్క్ పై జిడ్డు కంపు కొడుతున్నది. చాకు నా చేతిలో పెట్టి "ఇప్పుడది నా జేబులో ఉంటోంది. ముప్పైయొక్క ఏళ్ళు దానికి కాపలా కాశాను, ఇప్పుడది నాకు యాపిల్ కోసిపెడుతోంది. అలాగని నిన్ను క్షమించానని అనుకోకు. బతికున్నంతకాలం అంటూనే ఉంటా" అన్నాడు.

"ఒట్టు?"

"ఒట్టు."

ఎవరో పెద్దమనిషి అట్ట చదివి, నన్ను చూసి, ఇది నిజమేనా మేడమ్ అని అడిగాడు. క్లెమ్ చేతిలోంచి కుంచె లాక్కుని, అట్ట కింద మిగిలిన చోట రాశాను:

'రుచిగా ఉంది.'

అక్షరాలు కొండెక్కి దిగాయట. రాయ్‌స్టన్ చెప్పాడు. హాలు మూసేదాకా, ఆ తర్వాత బస్సులో మా వీధి మలుపు దాకా, చెప్తూనే ఉన్నాడు.